‘ఆగింది’ అంటే ఆగిందనే

నాకు ముప్పై మూడేళ్లు. రిటైరయ్యానని చెబితే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత ఒంట్లో ఏమైనా బాగాలేదా అని అడుగుతారు. ఒంట్లో బాగానే ఉంది. బెంగళూరులో ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక కంపెనీలో పదకొండేళ్లు ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేసి మానేశాను. ఆ పని మళ్లీ చేయను, ఇంకో కంపెనీలో అయినా సరే. అందుకని రిటైర్మెంట్ అన్న మాటే సరైనదని నా అభిప్రాయం.

చివరి నెలలో, కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇవ్వమని ఆఫీసు నన్ను అడిగింది. పాఠాలు వాళ్లే తయారుచేసి పంపారు. మొదటి పాఠం, ఇంటికి వెళ్లకుండా ఫోన్ మీదే కంప్లయింట్ మూసేయడం ఎలా అన్నది. అది నేను చెప్పనన్నాను. మరి నువ్వేం చెబుతావు అని అడిగారు. నేను చెప్పేది ఇదిగో. వాళ్ల హాల్లో నిలబడి చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, ఫారాలు నింపడం గురించి ఇందులో ఉండదు. అవి ఎవరైనా నేర్పుతారు.

ఐదు ప్రశ్నలు

ఇంట్లో ఒక కంప్యూటర్‌కు నెట్ రావడం లేదు. ఈ పనిలో మీకు రోజూ ఎదురయ్యేది ఇదే. నేను ఒంగోలు దగ్గర పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి వచ్చాను కాబట్టి మొదట్లో ఇది సర్క్యూట్ల సమస్య అనుకునేవాణ్ని. మా సూపర్‌వైజర్ వెంకటరమణ సార్ మొదటి రోజే ఆ భ్రమ తీసేశాడు. ఆయనది చిత్తూరు వైపు. మాట గరుకు, చెయ్యి మాత్రం చాలా మెత్తన. కేబుల్ చివర క్లిప్పు బిగించడం ఆయన చేస్తుంటే చూడాలి.

“ముందు వైరు పీకి పెట్టు, తర్వాత నోరు తెరువు. నోరు ముందు తెరిచినావంటే కస్టమర్ నీకు కథ చెప్తాడు. వైరు కథలు చెప్పదు” అనేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నదీ, నేను పడి లేచి నేర్చుకున్నదీ కలిపి ఒక వరుస తయారు చేసుకున్నాను. ఒకటి, రూటర్ మీద ఎర్ర లైటు ఉందా? ఉంటే ఇంట్లో వెతకడం దండగ, తప్పు బయట తీగలో ఉంది. రెండు, కంప్యూటర్‌కు వెళ్లే వైరు రెండు చివరలా గట్టిగా కూర్చుందా? మూడు, అదే ఇంట్లో ఫోన్లలో నెట్ వస్తోందా? నాలుగు, కంప్యూటర్‌కు చిరునామా దొరికిందా, దొరికితే అది రూటర్ ఇచ్చిందేనా? ఐదు, చివరిగా దీన్ని ముట్టుకున్నదెవరు?

ఐదోది నిజానికి మొట్టమొదట అడగాలి. ఆ సంగతి తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. అందుకే దాన్ని పైకి జరపకుండా ఐదోదిగానే ఉంచాను.

తోక మింగిన పాము

ఆ మూడేళ్లకు తెలిసింది బ్రూక్‌ఫీల్డ్‌లో, ఒక అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో. మనవాడే, విజయవాడ అబ్బాయి, పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తలుపు తీస్తూనే మొదలుపెట్టాడు.

“బ్రో, నేను క్లౌడ్ టీమ్‌లో లీడ్‌ని. బేసిక్స్ అడగొద్దు ప్లీజ్. రీస్టార్ట్ చేశాను, రీసెట్ చేశాను, అన్నీ చెక్ చేశాను. ఇష్యూ కచ్చితంగా మీ ఎండ్‌లోనే ఉంది.”

కంప్యూటర్‌కే కాదు, ఆ ఇంట్లో దేనికీ నెట్ లేదు. రూటర్ మీద లైట్లన్నీ పిచ్చెత్తినట్లు కొట్టుకుంటున్నాయి. ఎర్ర లైటు లేదు. నేను గంటసేపు సెట్టింగులు చూశాను, రూటర్ మార్చి చూశాను. కొత్త రూటర్ కూడా నిమిషంలో అలాగే అయింది. చివరికి చేసేదేమీ లేక అడిగాను.

“నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అండీ?”

“నో బ్రో. అంటే, మార్నింగ్ కేబుల్స్ కాస్త నీట్‌గా సర్దాను. ఒకటి ఊరికే వేలాడుతుంటే ప్లగ్ చేశాను. అంతే.”

వేలాడుతున్న ఆ వైరు రెండో చివర అప్పటికే రూటర్‌లో ఉంది. ఆయన మొదటి చివర కూడా అదే రూటర్‌లో పెట్టాడు. తోక మింగిన పాములా రూటర్ తను పంపింది తనే అందుకుని, అందుకున్నది మళ్లీ పంపుకుంటూ కూర్చుంది. కొత్త రూటర్‌కు కూడా నేనే స్వయంగా ఆ వైరు రెండు చివరలూ తగిలించాను. వైరు పీకగానే ఇల్లంతా నెట్ వచ్చింది.

“బ్రో, ఇది మా ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దు” అన్నాడు.

“మీ ఆఫీసు ఎక్కడో నాకు తెలియదండీ” అన్నాను.

ఆయన్ను చూసి నవ్వుకోవడం తేలిక. కానీ గంట వృథా అయింది ఆయన వల్ల కాదు. అడగాల్సిన ప్రశ్న నేను చివర్లో అడిగాను. ఇంట్లో ఉన్న వస్తువు దానంతటది చెడిపోవడం తక్కువ. ఎవరో ఒకరు దాన్ని ముట్టుకుని ఉంటారు. ఆ ఒకరు కస్టమరే అని మనం ముందే నిర్ణయించుకుని వెళ్తాం. ఈ వృత్తిలో అసలు జబ్బు అది.

యాభై ఏడు

ఇప్పుడు చెప్పబోయే తప్పు నాది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

రూటర్ చేసే పనుల్లో ఒకటి, ఇంట్లో ప్రతి ఫోనుకూ ప్రతి కంప్యూటర్‌కూ ఒక చిరునామా ఇవ్వడం. వీధి పేరు రూటర్‌ది, ఇంటి నంబరు అది పంచిపెట్టేది. కొన్ని పాత రూటర్లు ఆ పంచడంలో తడబడేవి. కంప్యూటర్ అడుగుతుంది, రూటర్ ఇవ్వదు. సరైన వైద్యం రూటర్ మార్చడం. దానికి స్టోరులో రూటర్ ఉండాలి, సార్ ఒప్పుకోవాలి, రెండోసారి రావాలి. రోజుకు పన్నెండు కంప్లయింట్లు మూయాలని లెక్క ఉన్నప్పుడు రెండోసారి రావడం కుదరదు.

దీనికి ఒక దొంగదారి ఉంది. కంప్యూటర్‌లోకి వెళ్లి చిరునామా మన చేత్తో రాసేయడం. రూటర్ ఇచ్చేదాకా ఆగక్కర్లేదు, పది నిమిషాల్లో నెట్ వస్తుంది, కస్టమర్ సంతోషిస్తాడు. అందరం చేసేవాళ్లం. నేను ఎప్పుడూ ఇంటి నంబరు స్థానంలో యాభై ఏడు రాసేవాణ్ని. నా డిప్లొమా హాల్ టికెట్ చివరి రెండంకెలు అవి. మా ఏరియాలో ఇంకెవరూ యాభై ఏడు వాడరు. ఒకరు వంద వాడేవాడు, ఇంకొకరు రెండు వందలు.

చేత్తో రాసిన చిరునామాకు ఒక దోషం ఉంది. రేపు ఎవరైనా రూటర్ మారిస్తే వీధి పేరు మారిపోతుంది. ఫోన్లు కొత్త రూటర్‌ను అడిగి కొత్త చిరునామా తీసుకుంటాయి. ఆ కంప్యూటర్ మాత్రం లేని వీధిలో యాభై ఏడో ఇంట్లో ఉన్నాననే అనుకుంటుంది. ఇది నాకు తెలుసు. ఎన్ని ఇళ్లలో అలా రాశానో మాత్రం తెలియదు. నేను వాడిన వైరు ప్రతి మీటరుకూ లెక్క రాసుకున్నవాణ్ని, ఈ ఒక్క జాబితా రాసుకోలేదు.

బ్రిడ్జి కింద ఒక ఫోన్

ఉద్యోగంలో చేరిన ఏడో ఏట, ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, కె.ఆర్.పురం వేలాడే బ్రిడ్జి కింద బండి ఆపుకుని ఫోన్లు చేస్తున్నాను. కంప్లయింట్లు మూయడంలో అప్పటికి అదే మా పద్ధతి. ముందు ఫోన్ చేయాలి. బాగైపోయిందని కస్టమర్ అంటే వెళ్లక్కర్లేదు. నిజంగానే కొన్ని వాటంతటవే బాగవుతాయి.

బెంగళూరులో నేను కస్టమర్లతో కన్నడంలోనే మొదలుపెడతాను. కష్టపడి నేర్చుకున్నాను, వాడకపోతే తుప్పు పడుతుందని భయం. ఆ పొద్దున నాలుగో ఫోన్ మునిరత్నమ్మ అనే ఆవిడకు. పక్కన బస్సులు హారన్లు కొడుతున్నాయి.

“నెట్ సరి ఆయ్తా అమ్మా?” అని అడిగాను. నెట్ బాగైందా అని.

“ఆగిదె అప్పా” అని వినపడింది. కన్నడంలో ఆ మాటకు అయింది అని అర్థం. సరే అని చెప్పి, ‘పరిష్కారమైంది’ అని నొక్కి, ఐదో ఫోన్ చేశాను. ఆ నొక్కుడుకు కంపెనీ నుంచి ఆవిడ ఫోన్‌కు ఒక మెసేజీ వెళ్తుంది, టైముతో సహా.

ఆవిడ అన్నది “ఆగింది అప్పా” అని. తెలుగు. నెట్ ఆగింది.

నా మాతృభాషలో చెప్పిన మాట నాకు కన్నడంలో వినపడింది. కంప్లయింట్‌లో ‘భాష’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘తెలుగు’ అని రాసే ఉంది. నేను ఆ గడి చూడలేదు.

మునిరత్నమ్మ ఇల్లు

శుక్రవారం అదే ఇంటి నుంచి మళ్లీ కంప్లయింట్ వచ్చింది. రెండోసారి వచ్చినదాన్ని ఫోన్ మీద మూయడానికి వీల్లేదు, అందుకని వెళ్లాను. ఓల్డ్ మద్రాస్ రోడ్డు నుంచి లోపలికి రెండు సందులు. యాభై దాటిన ఆవిడ తలుపు తీసి, నాలుగు రోజులకు దారి దొరికిందా అని కన్నడంలో పలకరించింది. నేనూ కన్నడంలోనే క్షమించమన్నాను.

ముందు గదిలో బల్ల మీద పెద్ద కంప్యూటర్. గోడ నిండా గళ్ల కాగితాలు, వాటి మీద రంగు పెన్సిళ్లతో హంసలు, మామిడి పిందెలు, అంచు కమ్మీల గీతలు. ఆవిడ పట్టుచీరల అంచులూ కొంగులూ గీస్తుంది. పూర్వం గళ్ల కాగితం మీద గీసేది, ఇప్పుడు కంప్యూటర్‌లో. ఆ ఫైలు దొడ్డబళ్ళాపురం పంపితే అక్కడ మగ్గానికి ఎక్కిస్తారు.

వరుస మొదలుపెట్టాను. ఎర్ర లైటు లేదు. వైరు బాగుంది. ఫోన్లో నెట్ వస్తోంది. కంప్యూటర్ మూలలో మాత్రం నెట్ లేదన్న గుర్తు. చివరిగా ఎవరు ముట్టుకున్నారని అడిగాను. సోమవారం కంపెనీవాళ్లు వచ్చి పాత డబ్బా తీసి కొత్త డబ్బా పెట్టారని, ఫోన్లో నెట్ చూసుకుని వెళ్లిపోయారని చెప్పింది. అంతకుముందు? ఆరు నెలల కింద ఎవరో వచ్చారట. అప్పుడు తను దొడ్డబళ్ళాపురంలో ఉంది, ఇంట్లో వదిన ఉందట.

కంప్యూటర్ చిరునామా తెరిచాను. పాత వీధి. చివర యాభై ఏడు.

“అయ్యో, ఇది నేను పెట్టిందే” అన్నాను, నాలో నేను, తెలుగులో.

వెనక కుర్చీ కదిలింది.

“నువ్వు తెలుగోనివా?”

“అవునమ్మా.”

“మంగళవారం ఫోన్ చేసి కన్నడంలో మాట్లాడింది నువ్వేనా?”

“నేనే.”

“నేను ఆగింది అని చెప్పినా కదప్పా. రోడ్డు మీద గలాటాలో నువ్వేం అడిగినావో సరిగా వినపడలే. నెట్టు అన్నావు, ఆగింది అన్నా. కంప్లయింట్ రాసుకున్న పాపతో తెలుగే మాట్లాడినా, ఆ పాప ఆఫీసోళ్లే కదా అని తెలుగులోనే చెప్పినా.”

“నాకు ఆగిదె అని వినపడిందమ్మా.”

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“తెలుగోనికి తెలుగు కన్నడమై వినపడె. బాగుండాది. మగ్గాలోళ్ల ఇంట్లో పుట్టినా నేను. మా ఇండ్లలో ఆగింది అంటే పొయ్యి కాడున్నోళ్లు కూడా లేచి వస్తారు. నువ్వు సరి అని పెట్టేస్తివి.”

చిరునామా సరిచేయడానికి నిమిషం కూడా పట్టలేదు. చేత్తో రాసింది తీసేసి, రూటర్‌నే అడుక్కోమని కంప్యూటర్‌కు చెప్పాను. నెట్ వచ్చింది. అయిపోయిందమ్మా అన్నాను.

“యాడ అయిపోయింది” అంది మునిరత్నమ్మ.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. దొడ్డబళ్ళాపురంలో గంగాధరప్ప అని మగ్గాల యజమాని. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ఆయనకే గీస్తోంది. సోమవారం సాయంత్రానికి ఒక అంచు పంపాలి, ఆయన మగ్గం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నెట్ ఆగింది, రేపు వస్తారంట అని ఆయనకు చెప్పింది. మంగళవారం ఎవరూ రాలేదు. బుధవారం రాలేదు. ఆ ఫైలు ఫోన్లోంచి పంపడం ఆవిడకు రాదు, గురువారం పెన్ డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కి వెళ్లింది. అప్పటికే ఆయన ఇంకొకరి డిజైన్ ఎక్కించేశాడు. కంప్లయింట్ ఇచ్చానని నమ్మించడానికి ఆవిడ కంపెనీ మెసేజీ చూపించింది. ఆయన దాని కిందున్న మెసేజీ కూడా చదివాడు.

“ఏమన్నాడో తెలుసా? మంగళవారం పదకొండు గంటలకే సరైపోయిందని నీ ఫోన్లోనే ఉండాది రత్నమ్మా, ఇంకొకరికి గీసిస్తా ఉండానని నేరుగా చెప్పుంటే బేజారు పడేవాణ్ని కాదు అన్నాడు. ఇంక నీ డిజైన్లు వద్దు అన్నాడు. పద్దెనిమిదేండ్లప్పా. ఆ యప్పకు ఒక్క దినం అబద్ధం చెప్పలే. నీ మెసేజీ నన్ను అబద్ధాలకోరును చేసె.”

ఫోన్ నా వైపు తిప్పి ఆ మెసేజీ చూపించింది.

“ఒక మాట రాసియ్యి” అంది. “మంగళవారం నెట్టు లేదు అని. నీ చేత్తో.”

లేని గడి

మా దగ్గర కంప్లయింట్ మూయడానికి పన్నెండు కారణాలు ఉండేవి. నాకు ఇప్పటికీ వరుసగా వచ్చు. తీగ తెగింది, కరెంటు లేదు, రూటర్ చెడింది, వైరు ఎలుక కొరికింది, అలా. పన్నెండోది ‘కస్టమర్ ఎండ్’, అంటే తప్పు వినియోగదారుడి వైపుది. పన్నెండింటిలో ‘తప్పు మాది’ అన్నది లేదు. కస్టమర్‌కు చేత్తో ఏమీ రాసివ్వకూడదని రూలు. మునిరత్నమ్మ ముందే వెంకటరమణ సార్‌కు ఫోన్ చేశాను.

“సెట్టింగ్ యాడుండింది?” అన్నాడు.

“ఆమె కంప్యూటర్‌లో సార్.”

“మరింకేంది. కస్టమర్ ఎండ్ కొట్టి వచ్చేయ్.”

“పెట్టింది నేను సార్. మంగళవారం తప్పుగా మూసింది కూడా నేనే.”

“నువ్వంటే ఎవరు? కంపెనీ. కంపెనీ తప్పు చేసేదైతే దానికొక గడి పెట్టుండేవాళ్లు కదా. ఉందా?”

“లేదు సార్.”

“లేదు కదా. లేని గడిలో ఏం రాస్తావు సుధీర్?”

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన పైన కూడా ఒక లెక్క ఉంది, దాని పైన ఇంకో లెక్క. కానీ ఒక్కటి గమనించండి. ఆయన చెప్పింది సాంకేతికంగా తప్పు కాదు. సెట్టింగ్ నిజంగానే ఆవిడ కంప్యూటర్‌లో ఉంది. నేను ఆ గడి నొక్కినా అబద్ధం చెప్పావని ఎవరూ పట్టుకోలేరు. ఈ వృత్తిలో మిమ్మల్ని పాడుచేసేది ఇలాంటి నిజమే. నేను ఫోన్ పెట్టేసి సర్వీస్ స్లిప్పు తీశాను.

“తెలుగు చదవను రాదు నాకు, మాట్లాడేదే. ఆ యప్పకూ అంతే. కన్నడంలో రాయి” అంది ఆవిడ.

నా కన్నడం మాట్లాడటానికి పనికొస్తుంది, రాయడానికి అంతంతమాత్రం. కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుని ఆవిడ ఒక్కో అక్షరం చూసింది. నెట్ ఆగింది అన్నచోట నేను కలం ఆపాను.

“నింతిత్తు అని రాయి” అంది. నిలిచిపోయింది అని. “ఆ ఇంకో మాట మళ్లా రాయొద్దు. దాని వల్లనే ఇంత అయింది.”

అంకెలు వేసి నాలుగు లైన్లు రాశాను. ఒకటి, మంగళవారం ఈ ఇంట్లో కంప్యూటర్‌కు నెట్ లేదు. రెండు, బాగైందని కంపెనీ పంపిన మెసేజీ తప్పు. మూడు, ఆ తప్పు చేసింది నేను. నాలుగు, నెట్ ఆగడానికి కారణమైన సెట్టింగ్ ఆరు నెలల కింద పెట్టింది కూడా నేనే. కింద సంతకం, ఉద్యోగి నంబరు. ఇవే నాలుగు లైన్లు కంప్లయింట్ చివర ‘ఇతర వివరాలు’ అని ఉండే ఖాళీలో కూడా టైపు చేశాను. లేని గడికి అదొక్కటే దారి.

మునిరత్నమ్మ స్లిప్పు ఫోటో తీసి గంగాధరప్పకు పంపింది. ఐదు నిమిషాలకు ఆయన ఫోన్ చేశాడు. కాసేపు ఆవిడతో మాట్లాడి, నాకిమ్మన్నాడు.

“ఏమప్పా, అక్షరాలు చీమలు పారినట్లుండాయే.”

“కన్నడం రాయడం అలవాటు లేదండీ.”

“చదివేదానికి వచ్చె, ఫరవాలేదు. నీ తప్పు అని నువ్వే రాసిస్తివి. నీ పని పోదా?”

“పోతే పోతుందండీ. మంగళవారం నెట్ మాత్రం లేదు.”

“ఇప్పుడు మగ్గం మీద ఎక్కిన పడుగు దింపేదానికి కాదు. అది ఇంకొకరి డిజైన్, ఏసేసినాను. అది ముగిసినాక రత్నమ్మదే. ఆ యమ్మకు నేను చెప్పాల్సింది నేనే చెప్పుకుంటా. ఫోన్ ఈయి” అన్నాడు.

ఫోన్ ఇచ్చి బయటికి వచ్చి బండి దగ్గర నిలబడ్డాను. ఏమన్నాడో నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అంచు మాత్రం ఆ పడుగు అయిపోయేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ దినాలు నేను తిరిగివ్వలేకపోయాను. అది కూడా నా లెక్కలోనే ఉంది.

నాలుగో లైను

సోమవారం సార్ పిలిచాడు. బల్ల మీద నా నాలుగు లైన్ల ప్రింటు.

“పైనుంచి అడుగుతున్నారు. వెనక్కి తీసుకో. పొరపాటున రాశాను అని ఒక కాగితం ఇయ్యి.”

“నాలుగూ నిజమే సార్. ఏది తీసేయాలో మీరే చెప్పండి.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాడు. ఒకటో దాని మీద వేలు పెట్టి తీశాడు. రెండోది, మూడోది అలాగే. నాలుగో దాని మీద ఆగాడు.

“ఇది ఎందుకురా? ఆమె అడగలేదు కదా. అడగనిది కూడా చెప్పాలా?”

“ఆవిడకు తెలియదు కాబట్టి అడగలేదు సార్. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.”

వెనక్కి తీసుకునే కాగితం ఇవ్వలేదు. మెమో ఇచ్చారు, సంజాయిషీ రాయమన్నారు. అవే నాలుగు లైన్లు మళ్లీ రాశాను. నన్ను కె.ఆర్.పురం నుంచి మార్చి మళ్లీ బ్రూక్‌ఫీల్డ్‌లో వేశారు. వెళ్లేముందు రెండు వారాలు, నేను యాభై ఏడు పెట్టి ఉంటానని గుర్తున్న ఇళ్లకు ఒక్కోటి వెళ్లి సరిచేశాను. గుర్తులేనివి ఇంకా ఎక్కడో ఉన్నాయి. కె.ఆర్.పురం వైపు మీకు ఎవరి కంప్యూటర్‌లోనైనా చివర యాభై ఏడు కనిపిస్తే, అది కస్టమర్ ఎండ్ కాదు. నాది. తీసేయండి.

తర్వాత నాలుగేళ్లు పనిచేశాను. వెళ్లకుండా ఒక్క కంప్లయింట్ మూయలేదు. రోజుకు పన్నెండు ఎప్పుడూ కాలేదు, ఏడో ఎనిమిదో అయ్యేవి. ఎందుకు తక్కువని ప్రతి నెలా అడిగేవారు, ఇంటికి వెళ్లి చూశాకే మూస్తున్నానని ప్రతి నెలా అదే జవాబు చెప్పేవాణ్ని. చివరికి శిక్షణ ఇవ్వమన్నారు. పాఠం చూశాను. కస్టమర్ ‘బాగైంది’ అనే అర్థం వచ్చే మాట ఏది అన్నా మూసేయొచ్చని అందులో ఉంది. ఆ మాటల జాబితా కూడా ఇచ్చారు, ఐదు భాషల్లో. కన్నడం కింద రెండో మాట ‘ఆగిదె’.

అది చెప్పనంటే, ఆలోచించుకోమని మూడు రోజులు టైమిచ్చారు. నేను మొదటి రోజే రాజీనామా ఇచ్చాను. వెంకటరమణ సార్ కాగితం తీసుకుని, ఎప్పటిలా తిట్టలేదు. తన డ్రాయర్లోంచి క్లిప్పులు బిగించే పాత క్రింపింగ్ ప్లయర్ తీసి నా ముందు పెట్టాడు. “తీసుకుపో. కొత్తోళ్లకు దీంతో పని లేదు, వాళ్లు ఇండ్లకు పోరు” అన్నాడు.

ఇప్పుడు ఎవరైనా తెలిసినవాళ్లు పిలిస్తే ఆ ప్లయర్ జేబులో వేసుకుని వెళ్తాను. అది ఉద్యోగం కాదు. మునిరత్నమ్మ ఇంకా గంగాధరప్పకే గీస్తోంది. పోయిన వారం కొత్త కంప్యూటర్ కొన్నానని, తీగలు తనే కలుపుకున్నానని ఫోన్ చేసింది. ఐదు ప్రశ్నలూ అడిగాను, ఐదోది మొదట. చివరిగా ముట్టుకున్నది నేనే అంది, గర్వంగా.

“అయితే నెట్ ఎలా ఉందమ్మా?”

“ఆగలేదు.”

కన్నడంలో ‘ఆగిల్ల’ అంటే కాలేదని అర్థం. విన్నది ఏదో మనసులో ఇంకోసారి అనుకుని చూసుకున్నాను.

“తెలుగులో చెప్తా ఉండా” అంది మునిరత్నమ్మ. “నీకు ఏ భాషలో వినపడె?”

“తెలుగులోనే అమ్మా.”

“అట్లయితే రాసుకో.”